నూనె కుంకుమ

స్వర్ణముఖికి పెద్దనీళ్లు వచ్చి, రేణిగుంట దావలోని షెడ్లన్నిటా మోకాలి లోతు బురద నిలిచిన ఏడాదికి మూడో ఏడు. ఆ ఏడు మామిడికాయలు టెంక కట్టే కాలంలో ధనంజయ నాయుడి షెడ్డులోకి కొత్త మిషను దిగింది. నాయుడి కొడుకు రఘునాథ్ తెప్పించాడు. చూడడానికి ఏమంత గొప్పగా లేదు. బీరువా అంత ఇనుప పెట్టె, దానికి రెండు గొట్టాలు, గొట్టాల కొనన చేతిలో ఇమిడే గన్ను. గాలిని వేడిచేసి, ఆ గాలిలో లోహప్పొడి కలిపి, తుపాకీ గుండంత జోరుగా కొడుతుంది. పొడి కరగదు. కరగకుండానే పోయి అతుక్కుంటుంది. దాని పేరు చల్లపూత అన్నారు.

"చల్లపూత అంటే మజ్జిగ పూస్తారా ఏందప్పా" అని పక్క షెడ్డు ఓబయ్య నవ్విపోయాడు.

దొరస్వామి నవ్వలేదు. ఆ షెడ్డులో తలవెంట్రుకలు నల్లగా ఉన్ననాటి నుంచి ఉన్నవాడు. మనసులో మాట పైకి చెప్పే అలవాటు లేదు గాని, మిషను ఆయనకు నచ్చలేదు. అందులో వెలుగు లేదు.

పాత గన్ను వేడి గన్ను. గ్యాసు మంటలో ఇనుప తీగ కరిగి, అరిగిపోయిన షాఫ్టు మీద తుంపరగా పడేది. నల్లద్దాలు పెట్టుకొని నిలబడితే దీపావళి చిచ్చుబుడ్డి ముందర నిలబడినట్టే. పూతలపట్టు నుంచి, కాణిపాకం నుంచి చెరకు గానుగల ఇరుసులు ఎద్దులబండ్ల మీద వచ్చేవి. నాయుడు గన్ను పట్టుకుంటే దొరస్వామి తీగ అందించేవాడు. నాయుడి చేయి నొస్తే దొరస్వామి పట్టుకునేవాడు. పని అయినాక ఇద్దరూ ఒక్క చెంబు నీళ్లతో మొహాలు కడుక్కొని, గోడకు ఆనుకొని, ఇరుసు చల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చునేవాళ్లు. దాని మీద నూనె పోస్తే, తాగుతూ చిటపటలాడేది. ఆ చప్పుడు వింటూ నాయుడు బీడీ ముట్టించేవాడు.

ఆ గన్ను రొదకే ఇద్దరి చెవులూ చెడ్డాయి. దొరస్వామికి కొంచెం. నాయుడికి బాగా. ఇప్పుడు నాయుడితో మాట్లాడాలంటే పొలం గట్టు మీద నుంచి కేకేసినట్టు వేయాలి. అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కొత్త మిషను మొదటి పూత తెల్లగా, ముట్టుకుంటే గరుగ్గా వచ్చింది. రఘునాథ్ ఆ ముక్కను అడ్డంగా కోసి, నునుపు పట్టించి, తిరుపతి కాలేజీలో పనిచేసే తన స్నేహితుడు పరాశర్ దగ్గరకు తీసుకుపోయాడు. భూతద్దాల మిషను కింద పెట్టి ఫొటో తీయించుకొని వచ్చాడు.

"ఈ నల్లచుక్కలు సూడు మామా. అన్నీ బొక్కలే. బొరుగుల ఉండ మాదిరి ఉండాది."

"బొక్కలుంటే మంచిదే గదప్పా. నూనె తాగతాది."

"అది షాఫ్టుకు. మనం కొట్టబోయేది బేరింగు కూర్చునే చోట. బొక్కలుంటే నలిగి రాలిపోతాది. దిట్టంగా రావాల, గట్టిగా రావాల."

దొరస్వామి గన్నును పాత అలవాటున జానెడు ఎడంగా పట్టుకునేవాడు. పొడి సగం గోడకు, సగం ఆయన చొక్కాకు. రఘునాథ్ ఆయన మణికట్టు పట్టుకొని దగ్గరికి, ఇంకా దగ్గరికి, బొటనవేలు పట్టేంత సందుకు తెచ్చాడు. "ఇంత దగ్గరైతే కాలదా" అని దొరస్వామి అడిగితే, "కాలేదానికి మంట యాడుండాది మామా" అన్నాడు. నిజమే. చెయ్యి పెట్టి చూస్తే పూత పడిన ముక్క వెచ్చగా మాత్రమే ఉంది.

తరువాత రఘునాథ్ అల్యూమినియం, జింకు పొడిలో సానరాళ్లు చేసే గట్టి పొడి కలిపాడు. ఆ గట్టి రేణువులు పూతలో నిలిచేది తక్కువ. వచ్చి, కొట్టి, ఎగిరిపోతాయి. వాటి పని కొట్టడమే. మిద్దె మీద సున్నం పరిచి దిమ్మిసతో కొడితే అడుగున సందు లేకుండా ఎట్లా కూరుకుంటుందో, అట్లా మెత్తటి పొడి ఒకదాంట్లో ఒకటి కూరుకుంటుంది. గాలి వేడి ఇంకొంచెం పెంచాడు. ఈసారి ఫొటోలో చుక్కలు ఎక్కడో ఒకటీ అరా. రఘునాథ్ ఆ రోజు అందరికీ టీతోపాటు బజ్జీలు తెప్పించాడు.

పొడి జల్లించి, ట్రేలో పోసి, కరెంటు పొయ్యి పెట్టెలో ఆరబెట్టి, చెమ్మ తగలకుండా డబ్బాకెత్తడం కుప్పమ్మ పని. ఏటికవతల పల్లె నుంచి నడిచి వస్తుంది. మూతికి తువ్వాలు కట్టుకొని, చీర చెంగు దోపుకొని, జల్లెడను చేటలో బియ్యం ఆడించినట్టు ఆడిస్తుంది. ఉలుకూ పలుకూ లేని దొరస్వామితో కూడా మాట్లాడగలిగేది ఆమె ఒక్కతే.

"ఏమన్నా, వదిన ఈ పొద్దు ఏం వండింది?"

"సంగటి."

"దాంట్లోకి?"

"పులగూర."

"సూడు, రెండు మాటలు మాట్లాడించినా. ఇంగ సాయంత్రం దాకా అడగన్లే."

బేస్తవారం చిత్తూరు దావలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి మెకానిక్కు రాజారత్నం టెంపోలో ఒక గేరుబాక్సు పెట్టె తెచ్చాడు. అల్యూమినియం పెట్టె. లోపల బేరింగు కూర్చునే గుంత అరిగి, బేరింగు అందులో గిరగిరా తిరుగుతోంది. వెల్డింగు చేస్తే పెట్టె వంకరపోతుంది. కొత్తది తెప్పిద్దామంటే అట్లాంటి మిషను ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

"తోతాపురి కాయ దిగేలోపల కావాల రఘూ. ఇది బాగొస్తే మా కాడ ఇట్లాంటివి ఇంగా ఉండాయి. బాగ రాకపోతే..." రాజారత్నం ఆ మాట పూర్తి చేయకుండా మిషను కేసి చూశాడు.

మరునాడు పొద్దున్నే దొరస్వామి ఆ గుంతను గాలితో చిమ్మే ఇసకతో కొట్టి, గరుకుగా, తెల్లగా చేశాడు. కొట్టిన చోట వేలు పెట్టవద్దని రఘునాథ్ ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. దొరస్వామి పెట్టలేదు. కుప్పమ్మ ఆరిన పొడిని మిషనులో పోసింది. రఘునాథ్ ట్రేలో చెయ్యి పెట్టి వెచ్చదనం చూసుకొని తల ఊపాడు. అంతలో ఫోను వస్తే బయటికి పోయాడు.

అప్పుడు వచ్చాడు ధనంజయ నాయుడు.

రోజూ ఆ వేళకే వస్తాడు. తలంటి స్నానం, ఉతికిన పంచె, నొసట నామం. చేతిలో పాత బేరింగు గిన్నె. అందులో నువ్వులనూనెతో తడిపిన కుంకుమ. పొడి కుంకుమ మిషను గాలికి ఎగిరిపోతుందని నూనెలో కలపడం ఆయన పెట్టుకున్న పద్ధతి. షెడ్డు తెరిచిన నాటి నుంచి బయటివాళ్లు తెచ్చిన ఏ పనీ ఆ బొట్టు లేకుండా మొదలు కాలేదు. అదీ పైన ఎక్కడో కాదు, సరిగ్గా పూత పడే చోటే పెట్టాలి. "దెబ్బ తగిలిన కాడ గదప్పా మందు పూసేది" అనేవాడు. ఇప్పుడు గన్ను పట్టలేడు. సన్నపని చూపుకు ఆనదు, చెవి వినదు. ఆ షెడ్డులో ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

గుంత లోపల, ఉంగరపు వేలితో మూడు బొట్లు పెట్టి, కళ్లు మూసుకొని దండం పెట్టుకున్నాడు. దొరస్వామి కూడా దండం పెట్టుకున్నాడు. తరువాత గుడ్డపీలికతో బొట్లు తుడిచాడు. తెల్లగా కనిపించేదాకా తుడిచాడు. రఘునాథ్ లోపలికి వచ్చేసరికి గన్ను పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు.

పూత బాగా పట్టింది. నాయుడు కుర్చీలో కూర్చొని చివరిదాకా చూశాడు.

ఆ సాయంత్రం ఉరుములతో వాన కురిసింది.

మరునాడు రాజారత్నం ఎదుటే, పూతను కొలతకు గీయడానికి పెట్టెను లేతుకెక్కించారు. కత్తి పూత మీద సన్నగా గీసుకుంటూ పోతోంది. వెండి రంగు పొట్టు రాలుతోంది. రాజారత్నం "పర్వాలేదే" అన్నంతలో టిక్కుమని ఒక పెచ్చు లేచింది. ఇంకొక చుట్టు తిరిగేసరికి మరో రెండు. దొరస్వామి లేతు ఆపాడు.

రఘునాథ్ పెచ్చు ఒకటి తీసుకొని బయట వెలుగులోకి పోయాడు. తిప్పి చూశాడు. అట్లాగే కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"కుప్పమ్మా, పొడి ఆరబెట్టినావా లేదా?"

"ఆరబెట్టినాను నాయనా. మీరు గుడక చెయ్యి పెట్టి సూస్తిరి."

"పైపైన వెచ్చగుంటే సరిపోతాదా? వానగాలి. చెమ్మ తగిలిందంటే పూత పట్టదని ఎన్నిసార్లు చెప్పినా?"

"వాన వచ్చింది సాయంత్రం గదా. పూత కొట్టింది పొద్దున."

రఘునాథ్ ఆమె వైపు చూడలేదు. రాజారత్నం వైపు తిరిగి, "ఇట్లాంటోళ్లతో ఏం చేసేదప్పా" అన్నాడు. తరువాత, "రేపట్నించి నువ్వు రావొద్దులే" అన్నాడు.

 కుప్పమ్మ ఏడవలేదు. మూతి తువ్వాలు విప్పి, చేతులు దులుపుకుంది.

"జల్లెడలో ఇంకా పొడి ఉండాది. ఎవురికి అప్పజెప్పేది?"

 ఆమె జల్లెడను బల్ల మీద పెట్టి, దాని మీద కాగితం కప్పి, చెప్పులేసుకొని వెళ్లిపోయింది. కుర్చీలో ఉన్న నాయుడు, "యాడికి పోతావుండావు మ్మా, పొద్దుంది గదా" అని అడిగాడు. ఆమె చెయ్యి ఊపింది. టీకి పోతోంది అనుకున్నాడో ఏమో, ఆయనా తల ఊపాడు.

అందరూ తలొక దారీ అయినాక దొరస్వామి పెట్టె దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పూత లేచిపోయిన చోట్లు చూశాడు. మూడు. ఒక్కొక్కటి వేలికొన అంత. మిగిలిన పూతను ఉలితో తట్టి చూస్తే ఉలి జారుతోంది గాని పూత కదలడం లేదు. ఆ మూడు చోట్లకూ ఒక పక్కగా సన్నటి తోకలున్నాయి. గుడ్డపీలిక లాగిన దారి. ఆ దారి ఆయన చెయ్యి పోయిన దారే.

ఆయన లేచి, రోడ్డు మీద టీ బంకు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్న రఘునాథ్ దగ్గరికి పోయాడు.

"పొడి కాదు రఘూ" అన్నాడు.

రఘునాథ్ గ్లాసు లోపలికి చూస్తూ, "నాకు తెలుసు మామా" అన్నాడు.

తాను సరిగా వినలేదేమో అని దొరస్వామి అనుకున్నాడు.

"పెచ్చు వెనకపక్క ఎర్రగా ఉండాది. అప్పుడే సూసినా. నూనె. నువ్వు తుడిస్తే పైన పోయింది గాని, ఇసక కొట్టిన గరుకులో ఇంకిపోయింది."

"మరి కుప్పమ్మను..."

"ఏం చెప్పమంటావు మామా? మా నాయన బొట్టు పెట్టి చెడగొట్టినాడని రాజారత్నం ముందర చెప్పేదా? చిత్తూరు దాకా నవ్వతారు. పోనీ, నాయనకు చెప్పేదా? ఆయనకు ఉండేదే ఆ పని. ఆ గిన్నె లాక్కుంటే రేపట్నించి మంచం దిగడు. కుప్పమ్మదేముండాది, యాడైనా పని దొరుకుతాది."

రోడ్డు మీద తిరుపతి బస్సు పోయింది. దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

"ఇంగ మీద నాయన వచ్చేలోపలే పూత వేసేద్దాం. ఆయన వచ్చినాక ఉత్త ఇనపముక్క ఏదైనా ముందర పెట్టు. దానికి పెట్టుకోనీ. ఆయనకేం తెలుస్తాది." రఘునాథ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఎవురితో అనొద్దు మామా. అయినా నువ్వు అనేవాడివి కాదులే. మాట్లాడే మనిషివైతే గదా."

 దొరస్వామి ఇంటికి పోయి సంగటి ముందర కూర్చున్నాడు. తాను నోరు లేనివాడని ఇన్నేళ్లూ అందరూ అంటుంటే అదేదో మంచి గుణమనే అనుకున్నాడు. ఆ రోజుల్లో నాయుడు బొట్టు పెట్టినాక షాఫ్టును లేతుకెక్కించి పైతోలంతా గీసేవాళ్లు. నూనే, కుంకుమా ఇనుప పొట్టుతో రాలిపోయేవి. ఆ తరువాతే మంట. బొట్టుకు ఏ పాపమూ లేదు, అప్పుడు. పని వరస మారింది. నాయుడికి ఆ మాట చెప్పినవాడు లేడు.

ఆదివారం రఘునాథ్ పెళ్లాన్నీ పిల్లల్నీ తీసుకొని కొండకు పోయాడు. దొరస్వామి షెడ్డు తీసి, రెండు అల్యూమినియం రేకు ముక్కలను ఇసకతో కొట్టి బల్ల మీద పెట్టాడు. కుప్పమ్మ వదిలిపోయిన పొడిని ఆరబెట్టాడు. నాయుడు వేళకు వచ్చాడు. గిన్నెతో పాటే వచ్చాడు.

దొరస్వామి ఒక ముక్కను ముందుకు జరిపాడు. నాయుడు మూడు బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాడు. రెండోదాని వైపు వేలు చాపితే దొరస్వామి ఆ చేతిని మెల్లగా పట్టుకొని ఆపాడు. నాయుడు ఆయన మొహంలోకి చూశాడు. 

దొరస్వామి బొట్లు తుడిచాడు, ఎప్పటిలాగే. రెండు ముక్కలనూ పక్కపక్కన బిగించి ఒకే గన్నుతో, ఒకే పొడితో, ఒకే చేతితో పూత కొట్టాడు. చల్లారడానికి ఆగే పని లేదు గదా. ఉలీ సుత్తీ తెచ్చి నాయుడి చేతిలో పెట్టాడు.

నాయుడు ఆ సుత్తిని కొంచెంసేపు అట్లాగే పట్టుకున్నాడు. దాని పిడి ఆయన చేతికి నున్నబడిన పిడి. బొట్టు పెట్టని ముక్క మీద ఉలి ఆనించి కొట్టాడు. ఉలి జారిపోయి, పూత మీద తళుక్కుమనే గీత ఒకటి మిగిలింది. ఇంకా గట్టిగా కొట్టాడు. అంతే. బొట్టు పెట్టిన ముక్క మీద కొట్టాడు. ఒక్క దెబ్బకే వేలంత పెచ్చు ఎగిరి బల్ల మీద పడింది.

నాయుడు దాన్ని ఏరుకొని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. వెనక్కి తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. చాలాసేపు ఆయన బొటనవేలు ఆ పెచ్చు మీద అటూ ఇటూ పోతూనే ఉంది.

"మునుపు పైతోలు తీసేవాళ్లం" అన్నాడు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. చెవిటివాడి గొంతు కనుక షెడ్డంతా వినిపించింది. "ఇప్పుడు తీయరు."

దొరస్వామి తల ఊపాడు.

"ఆ ఫ్యాక్టరీ పెట్టె గుడక ఇట్లనే లేచిందా?"

తల ఊపాడు.

"కుప్పమ్మ నిన్న మల్ల రాలేదు. ఏమైంది?"

దీనికి తల ఊపితే చాలదు. దొరస్వామి ఆయన చెవి దగ్గరికి వంగి, "పంపించేసినారు. పొడి తడిసిందని" అని అరిచాడు. తన గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. పక్క షెడ్డు ఓబయ్య తొంగిచూసి వెళ్లాడు.

నాయుడు గిన్నెను పంచెకొంగుతో కప్పి, ఒళ్లో పెట్టుకొని, సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. రఘునాథ్ గుండు మీద చందనంతో, చేతిలో లడ్డూ సంచితో వచ్చి, బల్ల మీది రెండు ముక్కలూ చూసి నిలబడిపోయాడు. దొరస్వామి వైపు చూశాడు. దొరస్వామి చూపు తిప్పుకోలేదు.

"నీకు తెలుసునా?" అన్నాడు నాయుడు.

రఘునాథ్ లడ్డూ సంచి బల్ల మీద పెట్టాడు.

"నాకు చెవుల్లేవని చెప్పకపోతివా? కండ్లుండాయి గదరా."

"నాయనా, నేను నీ మంచికే..."

ఆ మాట నాయుడికి వినబడలేదు. రెండోసారి అనడానికి రఘునాథ్‌కు నోరు రాలేదు.

"పెట్టెను మల్ల ఇసకతో కొట్టండి. నేను ఈడనే కూర్చుంటా. సూస్తా."

సోమవారం పొద్దంతా ఆ పనే. పాత పూత చెక్కి తీసి, జిడ్డు వదిలించే మందుతో కడిగి, ఇసకతో కొట్టి, గన్ను చల్లారకుండా పొరమీద పొర వేశారు. రఘునాథే పొడి జల్లించుకున్నాడు. రెండుసార్లు గన్ను మూతి పూడిపోయింది. "ఆయమ్మ ఉంటే ఇట్ల పూడదు" అని తానే అన్నాడు, ఎవరితోనూ కాకుండా. లేతు కత్తి కింద ఈసారి పొట్టు తెగకుండా సన్నగా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. లోపల గుంత గాజు గిన్నెలా మెరిసింది. రాజారత్నం బేరింగును పెట్టి చెక్కసుత్తితో దించాడు. బిగువుగా, మెల్లగా దిగింది. సుత్తి దెబ్బకు పెట్టె ఖంగుమంది.

"ఇప్పుడు దిట్టంగుండాది. మొన్న ఏమైందప్పా?" అన్నాడు.

రఘునాథ్ నోరు తెరిచేలోపల నాయుడు, రాజారత్నం పెదవుల కదలిక చూసి పోల్చుకున్నాడో ఏమో, "నేను నూనె పూసినా" అన్నాడు. "పొడి మంచిదే." రాజారత్నం నవ్వాలో మానాలో తెలియక బేరింగును మరొకసారి తట్టాడు.

మరునాడు కోడి కూసే వేళకు నాయుడు దొరస్వామి ఇంటి ముందర నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నె లేదు.

"కుప్పమ్మ పల్లె నీకు తెలుసు గదా. పోదాం పా."

దొరస్వామి మోపెడు తీశాడు. ఏట్లో ఇసక దావ. తోయాల్సిన చోట బండి దిగి తోశారు. పల్లెలో కుప్పమ్మ అరుగు మీద చింతకాయల కుప్ప ముందర కూర్చొని, రాతి మీద కాయ పెట్టి కర్రతో కొట్టి గింజ తీస్తోంది. వీళ్లను చూసి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, మళ్లీ కూర్చుంది. కర్ర ఆగలేదు.

"పొడి నీ వల్ల చెడలేదు మ్మా" అన్నాడు నాయుడు. "నా చేతివల్ల. మల్ల పనిలోకి రా."

కుప్పమ్మ కాయ మీదనే చూపు పెట్టి మెల్లగా అంది: "పొమ్మనింది అందరి ముందర. రమ్మనేది మాత్రం నా అరుగు మీదనా?"

"ఏమంటాండాది?" నాయుడు దొరస్వామి వైపు తిరిగాడు.

దొరస్వామి వీధి ఆ కొనా ఈ కొనా చూశాడు. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఎదురింటి మునెయ్య పళ్లపుల్ల నోట్లో పెట్టుకొని గడపలోనే ఆగిపోయాడు. దొరస్వామి ఊపిరి పీల్చుకున్నాడు.

"అందరి ముందర పొమ్మన్నారంట" అని అరిచాడు. "తప్పు తనది కాదని అందరి ముందరే చెప్పమంటాంది."

కొళాయి కింద బిందె నిండి పొర్లింది. ఎవరూ దాన్ని జరపలేదు.

నాయుడు అరుగు దిగి వీధి నడుమకు వచ్చాడు. చెవిటివాడి గొంతు ఆయనది, పెంచాల్సిన పని లేదు. అయినా పెంచాడు. కుప్పమ్మ పొడి మంచిదేనని, నూనె పూసి పూత చెడగొట్టింది తానేనని, తన కొడుకు ఆమెను పంపించేయడం తప్పని చెప్పాడు. చెప్పి, ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు దొరస్వామిని చూశాడు.

కుప్పమ్మ కర్ర పక్కన పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది. చింతపండు పులుపు అంటిన చేతులు, కళ్లు మండి ఉంటాయి.

"ఈ కుప్ప మాపిటికి సేటుకు అప్పజెప్పాల. ఒప్పుకున్న పని. ఇది ముగించుకొని రేపు వస్తాను."

ఈసారి దొరస్వామి నాయుడికి అరిచి చెప్పలేదు. మోపెడుకు స్టాండు వేసి వచ్చి, అరుగు మీద ఆమెకు ఎదురుగా కూర్చొని, కుప్పలోంచి చేటెడు కాయలు తన వైపుకు లాక్కున్నాడు. నాయుడు అది చూసి, పంచె మోకాళ్లపైకి ఎగ్గట్టుకొని, కొట్టడానికి ఒక రాయి వెతుక్కోసాగాడు.